యూకాన్ 37-3 సీజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్ (ముద్దుగా యూకాన్) పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2023-24 సీజన్ ముగిసి చాలా కాలమైంది. మా బ్యాచ్‌లో మాత్రం ఆ ముచ్చట్లు ముగియలేదు. కొత్తగా ఆట చూడటం మొదలుపెట్టినవాళ్ళు, మా పక్కన కూర్చుని విని విని విసిగిపోయినవాళ్ళు అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఒకచోట రాసి పెడితే గొడవ వదిలిపోతుందని ఇది రాస్తున్నా. నేను ఈ జట్టు వీరాభిమానిని. తీర్పుల్లో పక్షపాతం ఉంటుంది, అంకెల్లో ఉండదు.

ఆ సీజన్లో ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పండి.

40 మ్యాచ్‌లు ఆడి 37 గెలిచారు. బిగ్ ఈస్ట్ లీగ్‌లో 18-2తో మొదటి స్థానం. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్కెట్‌ను 73-57తో ఓడించి బిగ్ ఈస్ట్ టోర్నమెంట్ కప్పు. చివరికి 2024 ఏప్రిల్ 8న అరిజోనాలోని గ్లెండేల్‌లో పర్డ్యూ మీద 75-60తో గెలిచి జాతీయ టైటిల్. యూనివర్సిటీకి ఇది ఆరోది. అంతకుముందువి 1999, 2004, 2011, 2014, 2023.

అంతకుముందు ఏడాదీ వాళ్ళే గెలిచారుగా. మళ్ళీ గెలిస్తే అంత గొప్పేంటి?

మా బావ ప్రతి దసరాకీ అడిగే ప్రశ్న ఇది. కాలేజీ ఆటలో వరసగా రెండేళ్ళు గెలవడం ఎంత కష్టమంటే, యూకాన్‌కి ముందు ఆ పని చేసింది 2006, 2007లో ఫ్లోరిడా. దానికి ముందు 1991, 1992లో డ్యూక్. 1960లు, 70ల్లో యూసీఎల్ఏ వరసగా ఏడు గెలిచింది కానీ, ఆ రోజులు వేరు, అప్పటి టోర్నమెంట్ వేరు.

ఎందుకంత కష్టం? మొదటిది, ఇక్కడ సిరీస్ ఉండదు. ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) నాలుగు మ్యాచ్‌లు ఓడితేనే ఇంటికి, ఒక రోజు ఆట చెడిపోయినా సర్దుకోవచ్చు. ఇక్కడ ఒక్క రాత్రి త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడకపోతే బ్యాగు సర్దుకుని ఇంటికే. అలాంటి రాత్రి రాకుండా వరసగా ఆరు మ్యాచ్‌లు గెలవాలి. రెండేళ్ళంటే పన్నెండు.

రెండోది, గెలిచిన జట్టు గెలిచినట్టు ఉండదు. 2023లో గెలవగానే అడామా సనోగో, జోర్డన్ హాకిన్స్, ఆండ్రే జాక్సన్ ముగ్గురూ వెళ్ళిపోయారు. వాళ్ళు ముగ్గురూ మొదటి ఐదుగురిలో, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో ఉన్నవాళ్ళు. ఇంటికి మూడు స్తంభాలు తీసేసి, అదే ఇల్లు, అదే ఎత్తు అన్నట్టు కట్టి చూపించారు మరుసటి ఏడాది.

సరే, గెలిచారు. మీరు ప్రత్యేకంగా మురిసిపోయేది దేనికి?

తేడాలు చూడండి. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో (జాతీయ టైటిల్ కోసం కాలేజీలు ఆడే నాకౌట్ పోటీ) వరసగా:

స్టెట్సన్ మీద 91-52. నార్త్‌వెస్టర్న్ మీద 75-58. శాన్ డియేగో స్టేట్ మీద 82-52. ఇల్లినాయ్ మీద 77-52. అలబామా మీద 86-72. పర్డ్యూ మీద 75-60.

అన్నింట్లోకీ దగ్గరి మ్యాచ్ అంటే 14 పాయింట్ల తేడా. ఆరూ కలిపితే 140. టైటిల్ గెలిచిన ఏ జట్టూ అంతకుముందు అంత తేడా కూడబెట్టలేదు. 2023లో గెలిచిన ఆరు కూడా పదికి పైన తేడాతోనే. అంటే వరసగా పన్నెండు నాకౌట్ మ్యాచ్‌లు, ఒక్కదాంట్లోనూ ఆఖరి నిమిషంలో గోళ్ళు కొరుక్కోవాల్సిన అవసరం రాలేదు. స్టెట్సన్ మ్యాచ్‌లో హాఫ్‌టైమ్‌కే యూకాన్ 52 కొట్టేసింది. అవతలి వాళ్ళు మ్యాచ్ మొత్తానికి చేసింది కూడా 52.

టోర్నమెంట్ జరిగే మార్చి నెల టెన్షన్ లేకుండా గడవడం మాకు అలవాటు లేదు. ఆధిక్యం ఇరవై దాటాక కూడా మా వాడొకడు సోఫాలో కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి చూశాడు. కూర్చుంటే దిష్టి తగులుతుందట.

సీడ్, రీజియన్ అంటారు. అదేమిటి?

68 జట్లని ఎంపిక చేసి, నాలుగు రీజియన్లుగా విడదీసి, ఒక్కోదాంట్లో 1 నుంచి 16 వరకు నంబర్లు (సీడ్లు) వేస్తారు, 1 అంటే అందరికన్నా బలమైనది. నాలుగు చోట్ల ఒకే నంబర్‌కి ఇద్దరు ఉంటారు, వాళ్ళు ముందే ఆడి ఒకరు మిగులుతారు. 1వ నంబర్ మొదట 16వ నంబర్‌తో ఆడుతుంది. ఓడినవాళ్ళు ఇంటికి. యూకాన్ ఆ ఏడాది నలుగురు 1వ సీడ్లలోనూ అందరికన్నా పైన ఉంది. పెద్ద సీడ్ ఉంటే గ్యారంటీ అనుకోకండి. 2018లో వర్జీనియా, 2023లో పర్డ్యూ 1వ సీడ్ అయ్యుండి 16వ సీడ్ చేతిలో ఓడాయి. ఆ పర్డ్యూ సరిగ్గా ఏడాది తర్వాత ఫైనల్లో మా ముందు నిలబడింది. అంతటి అవమానం దిగమింగి వచ్చిన జట్టు కాబట్టి ఆ రోజు సగం అమెరికా వాళ్ళ వైపే ఉంది. తప్పు పట్టను.

ఓడిన మూడు మ్యాచ్‌ల సంగతి?

డిసెంబర్ 1న క్యాన్సస్ వాళ్ళ సొంత గడ్డ మీద 65-69. మోకాలి దెబ్బతో స్టెఫాన్ కాసిల్ ఆడలేదు, అయినా చివరిదాకా పోరాడారు. దాన్ని ఓటమిగా లెక్కేయడానికి నాకు మనసొప్పదు.

డిసెంబర్ 20న సీటన్ హాల్ చేతిలో 60-75. కోచ్ డాన్ హర్లీ కుర్రాడిగా ఆడిన కాలేజీ అదే. ఆ మ్యాచ్‌లోనే డోనవన్ క్లింగన్ పాదానికి దెబ్బ తగిలి కొన్ని వారాలు కూర్చున్నాడు. క్రిస్మస్ పూట మా మొహాలు చూడాల్సింది.

ఇక ఫిబ్రవరి 20న క్రేటన్ చేతిలో 66-85. దీనికి సాకు లేదు. చితక్కొట్టారు. అప్పటికి యూకాన్ దేశంలో నంబర్ వన్, వరసగా 14 గెలిచి ఊపు మీద ఉంది. ఆ రాత్రి తర్వాత ఆ సీజన్లో మళ్ళీ ఒక్కసారైనా ఓడారేమో అని వెతక్కండి. ఓడలేదు.

ఆ 30-0 అంటారే, అదేంటి? టైపింగ్ తప్పా?

కాదు. నిజంగానే 30-0.

బోస్టన్‌లో ఇల్లినాయ్‌తో మ్యాచ్. గెలిస్తే ఫైనల్ ఫోర్, అంటే సెమీఫైనల్స్. అవతల టెరెన్స్ షానన్, ఆ టోర్నమెంట్‌లో ఎవరూ ఆపలేకపోతున్న ఆటగాడు. మొదటి సగం ముగియడానికి రెండు నిమిషాల లోపు ఉందనగా స్కోరు 23-23. ఇంట్లో మేం ఎవరం మాట్లాడుకోవట్లేదు. "ఈసారి దొరికిపోయాం" అనే మాట ఎవరి నోటినుంచి ముందు వస్తుందా అని చూస్తున్నాం.

హాఫ్‌టైమ్‌కి 28-23. రెండో సగం మొదలవగానే ఇల్లినాయ్ వాళ్ళు బంతి పట్టుకుని బాస్కెట్ వైపు దూసుకొస్తారు, అక్కడ 7 అడుగుల 2 అంగుళాల క్లింగన్ చేతులు పైకెత్తి నిలబడి ఉంటాడు. ఎగిరి కూడా ఎగరడు ఒక్కోసారి. బంతి బోర్డు మీద ఎత్తుగా కొట్టాల్సి వస్తుంది, పడదు. పడకుండా తిరిగొచ్చిన బంతి (రీబౌండ్) మనది, అవతలి చివర రెండు పాయింట్లు. మళ్ళీ వస్తారు, మళ్ళీ అదే. మన అంకె పెరుగుతూ పోయింది. ఇల్లినాయ్ అంకె మాత్రం 23 దగ్గరే మేకు కొట్టినట్టు ఉండిపోయింది. టీవీ వాళ్ళ స్కోరు బాక్సు చెడిపోయిందేమో అని మా చెల్లి నిజంగానే అడిగింది. 53-23 అయ్యాక గానీ వాళ్ళకో బాస్కెట్ పడలేదు. ఆట గడియారంలో దాదాపు 9 నిమిషాలు!

క్లింగన్ అడ్డు నిలిచిన షాట్లలో ఇల్లినాయ్ 19కి సున్నా. ఒక్కటీ వెయ్యలేదు. అతను 22 పాయింట్లు, 10 రీబౌండ్లు, 5 బ్లాక్‌లు (అవతలివాళ్ళ షాట్‌ని గాల్లోనే ఆపడం) చేశాడు. షానన్‌ని 8 పాయింట్ల దగ్గర కట్టేశారు.

కొత్తవాళ్ళు ఒకే ఒక్క మ్యాచ్ రికార్డింగ్ చూస్తామంటే ఫైనల్ వద్దు, ఇది చూడండి.

ఎవరి వల్ల గెలిచారు? స్టార్ ఎవరు?

ఈ ప్రశ్నకి మా గుంపులో ఐదుగురు ఐదు పేర్లు చెప్తారు. ఆ జట్టు గొప్పతనం అక్కడే ఉందని నా వాదన.

ట్రిస్టన్ న్యూటన్ పాయింట్ గార్డ్, అంటే ఆటని నడిపించేవాడు. ఈస్ట్ కరోలినా నుంచి వచ్చాడు. మొహంలో ఏ భావమూ కనపడదు. ఫైనల్లో 20 పాయింట్లు, 7 అసిస్ట్‌లు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) చేసి ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు, అప్పుడు కూడా పెద్దగా నవ్వలేదు. కామ్ స్పెన్సర్ దానికి పూర్తి ఎదురు. రట్గర్స్ నుంచి ఆ ఒక్క ఏడాదికి వచ్చాడు. త్రీ వేసి అవతలివాళ్ళ మీద అరుస్తాడు, తప్పు చేస్తే తన మీద తనే అరుచుకుంటాడు. అవతలి జట్టు అభిమానులకి అతనంటే ఒళ్ళు మంట. మన జట్టులో ఉంటే మాత్రం నెత్తిన పెట్టుకుంటాం. అలెక్స్ కరబాన్ రెండేళ్ళూ మొదటి ఐదుగురిలో ఉన్నాడు. సరిగ్గా ఉండాల్సిన చోట ఉంటాడు, అంతే. అంతే అంటున్నా కానీ అది నేర్పితే వచ్చేది కాదు. క్లింగన్ కనెక్టికట్‌లోని బ్రిస్టల్ కుర్రాడు, సొంత రాష్ట్రం పిల్లాడు, కాబట్టి అతనికి పడే చప్పట్లు ఒక మోతాదు ఎక్కువే.

స్టెఫాన్ కాసిల్ మొదటి సంవత్సరం విద్యార్థి. హైస్కూల్లో స్టార్. వచ్చాక అతనికి అప్పజెప్పిన పని అవతలి జట్టు బెస్ట్ స్కోరర్ వెంట నీడలా తిరగడం. పద్ధెనిమిదీ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, వచ్చే ఏడాది ఎన్‌బీఏకి పోవాల్సినవాడు, "నా షాట్లు నాకివ్వండి" అని అలగకుండా ఆ చాకిరీ చేశాడు. అలబామా మీద అవసరం పడితే 21 పాయింట్లూ కొట్టాడు. బెంచ్ మీద నుంచి హసన్ డియారా, శాంసన్ జాన్సన్.

ఆ వేసవి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే కార్యక్రమం) కాసిల్ 4వ స్థానంలో, క్లింగన్ 7వ స్థానంలో పోయారు. న్యూటన్ 49, స్పెన్సర్ 53. కాసిల్ మరుసటి ఏడాది ఎన్‌బీఏలో రూకీ ఆఫ్ ద ఇయర్ (కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడు) అయ్యాడు.

వాళ్ళ ఆటలో కొత్తవాళ్ళు ఏం గమనించాలి?

బంతిని చూడకండి. కష్టమే, అయినా ఒక ఐదు నిమిషాలు ప్రయత్నించండి. స్పెన్సర్‌ని మాత్రమే చూడండి. పాస్ ఇచ్చేశాక మిగతా జట్ల ఆటగాళ్ళు మూల నిలబడి చూస్తుంటారు. ఇతను నిలబడడు. క్లింగన్ స్తంభంలా అడ్డు నిలబడతాడు, స్పెన్సర్ అతని భుజానికి భుజం రాసుకుంటూ చుట్టు తిరుగుతాడు, వెంటపడే డిఫెండర్ క్లింగన్‌కి గుద్దుకుని ఒక్క అడుగు వెనకబడతాడు. ఆ అడుగు చాలు. డిఫెండర్ ముందే ఊహించి అటు పరిగెత్తితే, స్పెన్సర్ మధ్యలో ఆగి వెనక్కి బాస్కెట్ వైపు కోసుకుంటూ పోతాడు. ఒకే దాడిలో ఇలాంటివి మూడు నాలుగు జరుగుతాయి, షాట్ వేయడానికి ఇచ్చే 30 సెకన్ల షాట్ క్లాక్‌లో. కాపలా కాసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి.

కోచ్ హర్లీ అంతలా అరుస్తాడేంటి? బీపీ లేదా?

మా అమ్మ కూడా అదే అడుగుతుంది. టీవీలో ఆయన మొహం కనపడగానే "ఈయన్ని ఎవరైనా కూర్చోబెట్టండర్రా" అంటుంది.

ఆయనది బాస్కెట్‌బాల్ ఇల్లు. తండ్రి బాబ్ హర్లీ సీనియర్ జెర్సీ సిటీలో హైస్కూల్ కోచ్‌గా చేసి బాస్కెట్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కినవాడు. అన్న బాబీ హర్లీ 1991, 1992లో వరసగా గెలిచిన డ్యూక్ జట్టుకి పాయింట్ గార్డ్. అలాంటి అన్న ఉన్న ఇంట్లో తమ్ముడిగా పెరగడం ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఒక ర్యాంకర్ అన్నయ్య ఉంటాడు. తమ్ముడు హైస్కూల్లో పాఠాలు చెప్పాడు, చిన్న కాలేజీల్లో కోచింగ్ చేశాడు, 2018లో యూకాన్‌కి వచ్చాడు. మొదటి ఏడాది 16 గెలిచి 17 ఓడాడు. ఆ తర్వాత అన్న ఆటగాడిగా చేసిన పనిని తను కోచ్‌గా చేశాడు.

రిఫరీలతో ఆయన గొడవ మాత్రం కొన్నిసార్లు మాకే ఇబ్బందిగా ఉంటుంది. అది దాచను.

అలబామా మ్యాచ్ కూడా ఏకపక్షమేనా?

స్కోరు చూస్తే అలానే ఉంటుంది. ఆ మ్యాచ్ చూసినవాడు అలా అనడు. అరిజోనాకి వెళ్ళే విమానం ఆలస్యమై జట్టు అక్కడ దిగేసరికి తెల్లవారుజాము. మొదటి సగమంతా అలబామా త్రీల వాన. రెండో సగంలో పన్నెండు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా 56-56. ఆ టోర్నమెంట్ మొత్తంలో మాకు నిజంగా చెమటలు పట్టింది అప్పుడే. తర్వాత కాసిల్, క్లింగన్ కలిసి తలుపు మూసేశారు.

ఫైనల్లో పర్డ్యూ ఆటగాడు జాక్ ఈడీ 37 పాయింట్లు కొట్టాడు. అయినా ఎలా గెలిచారు?

కొట్టనిచ్చారు కాబట్టే గెలిచారు.

ఈడీ 7 అడుగుల 4 అంగుళాలు. అతనికి బంతి అందగానే అందరు కోచ్‌లూ చేసేది ఇద్దరినీ ముగ్గురినీ అతని మీదకి పంపడం. అప్పుడతను బయటికి పాస్ ఇస్తాడు, అక్కడ ఖాళీగా ఉన్న షూటర్ తీరిగ్గా త్రీ వేస్తాడు. పర్డ్యూ ఆ ఏడాదంతా బతికింది దాని మీదే. హర్లీ ఆ పాచిక పారనివ్వలేదు. ఈడీ దగ్గర క్లింగన్ ఒక్కడే, మిగతా నలుగురూ తమ తమ మనుషులకి అతుక్కుపోవాలి, ఏం జరిగినా వదలకూడదు. రెండు పాయింట్లు ఇస్తాం, మూడు మాత్రం ఇవ్వం.

ఫలితం: పర్డ్యూ మ్యాచ్ మొత్తంలో వేయగలిగిన త్రీలు 7, పడింది 1. ఈడీకి 37, మిగతా జట్టంతటికీ కలిపి 23. హాఫ్‌టైమ్‌కి 36-30 ఉన్న తేడా నెమ్మదిగా పెరుగుతూ పోయింది. 74 వేల మందికి పైగా ఉన్న స్టేడియంలో పర్డ్యూ వాళ్ళు ఎప్పుడు చల్లబడిపోయారో చెప్పడం కష్టం, ఒక్కసారిగా జరగలేదు.

2023 జట్టు గొప్పదా, 2024 జట్టు గొప్పదా?

దీని మీద మాలో స్నేహాలు చెడ్డాయి. 2023 జట్టు 4వ సీడ్‌గా వచ్చి అందర్నీ ఆశ్చర్యపరిచింది, హాకిన్స్ లాంటి షూటర్ 2024లో లేడు. నా ఓటు 2024కే. అందరూ గురిపెట్టి ఎదురుచూస్తుండగా గెలవడం వేరు.

అమ్మాయిల జట్టు గురించి రాయరా?

వాళ్ళ గురించి రాయాలంటే వేరే పేజీ కాదు, వేరే పుస్తకం కావాలి. జీనో ఆరియెమ్మా శిక్షణలో 2025 నాటికి 12 టైటిళ్ళు. 2024లో వాళ్ళూ ఫైనల్ ఫోర్ చేరి, స్టార్ ఆటగత్తె కెయిట్లిన్ క్లార్క్ ఉన్న అయోవా చేతిలో 69-71తో ఓడారు. గెలిచుంటే ఒకే ఏడాది రెండు కప్పుల ఆశ బతికి ఉండేది. 2004లో, 2014లో యూకాన్ అది సాధించింది. డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటలో పై స్థాయి) ఇంకే యూనివర్సిటీ సాధించలేదు. ఇంకో మాట: ఆ ఏడాది అమ్మాయిల ఫైనల్‌ని 1.89 కోట్ల మంది చూశారు, మగవాళ్ళ ఫైనల్‌ని 1.48 కోట్ల మంది.

బ్రాకెట్ నింపితే మొత్తం కరెక్ట్‌గా వచ్చే అవకాశం ఉందా?

బ్రాకెట్ అంటే ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే ఊహించి నింపే పట్టిక. 63 మ్యాచ్‌లకి బొమ్మా బొరుసూ వేస్తే 92 లక్షల లక్షల కోట్లలో ఒక్క అవకాశం. మా ఆఫీసు పందెంలో గెలిచేది ఎప్పుడూ జెర్సీ రంగు చూసి నింపే అమ్మాయే.

లేకర్స్ పిలిస్తే హర్లీ ఎందుకు వెళ్ళలేదు?

2024 జూన్‌లో ఎన్‌బీఏ జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఆరేళ్ళకి 7 కోట్ల డాలర్లు ఇస్తామన్నారని వార్తలొచ్చాయి. వారాంతమంతా మాకు నిద్ర లేదు, మ్యాచ్‌ల్లో దొరకని టెన్షన్ అంతా అప్పుడు వడ్డీతో సహా తీరింది. ఆయన వద్దన్నాడు. తర్వాత యూకాన్‌తో ఆరేళ్ళకి 5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. కారణాలు ఎన్ని రాసినా, పిల్లల్ని తిట్టి దగ్గరికి తీసుకునే కోచింగ్ ఆయనది, కోటీశ్వరులైన ఎన్‌బీఏ ఆటగాళ్ళ దగ్గర అది సాగదని ఆయనకీ తెలుసని నా అనుమానం.

మరి వరసగా మూడోసారి ఎందుకు గెలవలేదు?

నలుగురు ఎన్‌బీఏకి పోయారు. 2024 నవంబర్‌లో హవాయిలోని మావీలో మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఓడారు, అప్పుడే అర్థమైంది. ఎలాగో 8వ సీడ్‌తో టోర్నమెంట్‌కి వచ్చి ఓక్లహోమా మీద గెలిచారు. వరసగా 13వ నాకౌట్ గెలుపు. తర్వాత 1వ సీడ్ ఫ్లోరిడా ఎదురైంది. యూకాన్‌కి ముందు వరసగా రెండు గెలిచిన ఆ ఫ్లోరిడాయే.

మ్యాచ్‌లో ఎక్కువసేపు ముందున్నది మనమే. చివర్లో వాల్టర్ క్లేటన్ రెండు త్రీలు వేశాడు. 75-77. 2023, 2024 టోర్నమెంట్లలో మాకు దొరకని ఆఖరి నిమిషం టెన్షన్ అప్పుడు దొరికింది. తలుపు దగ్గర నిలబడే మావాడు ఆ రోజు కాళ్ళు నొప్పంటూ సోఫాలో కూర్చున్నాడు. ఇప్పటికీ వాడితో ఎవరూ సరిగ్గా మాట్లాడట్లేదు.